పదకొండు ఖాళీ గళ్ళు

వీణకు ఆరో నెల నడుస్తున్న ఎండాకాలంలో నేను కంప్యూటర్లో 'ఇఫ్' రాయడం నేర్చుకున్నాను.

వీణ నా తమ్ముడు ధనుంజయ భార్య. అమ్మ పోయాక ఇంట్లో మిగిలింది నలుగురం: నాయన, తమ్ముడు, వీణ, నేను. చిక్కబళ్ళాపురంలో నేను కన్నడ చెప్పే ప్రైవేటు బడి ఆ జనవరిలో మూతపడింది. ఊరికి తిరిగొచ్చి, బాగేపల్లి బస్టాండు వెనక మేడమీద ఉన్న ఒక సంస్థలో చేరాను. చుట్టుపక్కల తాలూకాల్లో తాగునీటి బోర్ల నుంచి సీసాల్లో నీళ్ళు పట్టి, పరీక్షకు పంపి, ఏ ఊరి నీళ్ళు తాగదగినవో ఏవి కావో వాళ్ళు జాబితా కట్టేవాళ్ళు. ఆ జాబితాను బట్టి ఎండాకాలం ట్యాంకర్లు ఏ ఊళ్ళకు తోలాలో తేలేది. పరీక్ష కాగితాలు చూసి అంకెలు కొట్టడం నా పని. మొత్తం నూట అరవై నాలుగు బోర్లు.

అంకెలు కొట్టడం మూడు రోజుల్లో అయిపోయింది. నాలుగో రోజు నోటుపుస్తకం పక్కన పెట్టుకుని, ఒక్కొక్క అంకే చూసి దాని పక్కన 'యోగ్య' అనో 'అయోగ్య' అనో కన్నడంలో కొడుతున్నాను. పక్క బల్ల నుంచి నందీశ్ చూశాడు. మంచేనహళ్ళి దిక్కు మనిషి. కంప్యూటర్ పనులన్నీ అతనివే.

"అన్నీ కండ్లతో చూసి రాస్తాండారా మేడం? సాయంత్రానికి తల తిరుగుతాది. జరగండి."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇఫ్ అని ఒక ఫార్ములా ఉండాది. మనం దినమూ మాట్లాడే మాటే. వానొస్తే బట్టలు లోపలికి తే, రాకపోతే అట్లే ఉండనీ. ముందు షరతు, ఒక కామా. నిజమైతే ఏం రాయాల, ఇంకో కామా. కాకపోతే ఏం రాయాల. మూడే ముక్కలు."

నేనే రాస్తానన్నాను. మొదటిసారి బ్రాకెట్టు మూయడం మరిచాను. రెండోసారి మాటల చుట్టూ కొటేషన్లు పెట్టలేదు. ప్రతిసారీ అది ఏదో ఒక తప్పు చూపించి తిప్పికొట్టింది. అయిదోసారో ఆరోసారో కుదిరింది. లీటరు నీళ్ళలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే 'అయోగ్య', ఎరుపు. లేకపోతే 'యోగ్య', పచ్చ. ఆ గడి మూల పట్టుకుని కిందికి లాగమన్నాడు. లాగాను. నూట అరవై నాలుగు గళ్ళూ ఒక్క రెప్పపాటులో నిండిపోయాయి. ముప్పై రెండేళ్ళ వయసులో, పిల్లలకు పాఠాలు చెప్పిన నేను, చప్పట్లు కొట్టాను.

అతను లేచిపోగానే మా ఊరి వరుస వెతికాను. తొంభై ఏడు. ఊరి పేరు చూశాను, చివరి గడి చూశాను. పచ్చగా ఉంది. మధ్యలో ఏముందో చూడలేదు.

ఆ పచ్చరంగు మా ఇంటికి ఎంత పెద్ద మాటో చెప్పాలంటే నాయన గురించి చెప్పాలి. ఆయన పేరు బైరప్ప. పదిహేడేళ్ళ కిందట ఊళ్ళో బోర్లన్నీ ఎండిపోతే, ఊరందరి కోసం బోరు వేయడానికి మా చేను మూల జాగా ఇచ్చింది ఆయనే. నీళ్ళు పడ్డాయి. ఎంత ఎండాకాలమైనా ఆగలేదు. తర్వాత్తర్వాత ఊరి పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు కనిపించాయి. పెద్దవాళ్ళ నడుములు పట్టేశాయి. వైద్య శిబిరానికి వచ్చిన ఒక డాక్టరు, మీ నీళ్ళు చూపించుకోండి అన్నాడు. ఒకరిద్దరు వచ్చి సీసాలు నింపుకుని పోయారు గాని జవాబు రాలేదు. డాక్టరు ఆ మాట అన్న రోజు నుంచి మాత్రం అది ఊరి బోరు కాకుండా బైరప్ప బోరు అయింది. నాయన మెడ కూడా బిగుసుకుపోయింది. తల ఎత్తలేడు. ఎదుటి మనిషి ముఖం చూడాలంటే మోకాళ్ళు వంచి ఒళ్ళంతా వెనక్కి వాల్చాలి. గోవిందప్ప టీ అంగడికి పోవడం మానేసి మూడేళ్ళయింది. అంతకుముందు పొద్దున్నే ఆ అంగడి బల్ల మీద ఆయన లేని రోజు ఉండేది కాదు.

ఆ సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి నాయన వసారాలో కూర్చుని చింతపండు కొడుతున్నాడు.

"నాయనా, మన బోరు నీళ్ళు బాగుండాయి."

సుత్తి ఆగింది. "ఏ బోరు?"

"మనదే. పరీక్ష చేయించినారు. యోగ్య అని వచ్చింది."

"ఎవురు చెప్పినారు?"

"నేనే తీసినాను. నా చేతితోనే."

ఆయన గోడ పట్టుకుని లేచాడు. ఒళ్ళు వెనక్కి వాల్చి నా ముఖంలోకి చూశాడు. "మళ్ళా ఒకసారి చెప్పు," అన్నాడు.

జాబితా పంచాయితీ బోర్డుకు అంటించారు. అందులో అంకెలు లేవు, ఊరి పేరూ దాని ఎదురుగా ఒక మాటా, అంతే. మర్నాడు నాయన ఉతికిన పంచె కట్టుకుని టీ అంగడికి పోయాడు. గోవిందప్ప తనే లేచి వచ్చి గ్లాసు చేతికిచ్చాడట. "ఏదో నోరు జారి అంటాంటిమి, మనసులో పెట్టుకోగాకప్పా," అన్నాడట. నాయన ఆ మాటను ఆ వారంలో మాకు నాలుగుసార్లు చెప్పాడు.

ధనుంజయ అప్పటిదాకా వీణ కోసం మూడు కిలోమీటర్ల అవతల ఊరి నుంచి బండి మీద ఫిల్టరు నీళ్ళ క్యాను తెచ్చేవాడు. అది మానేశాడు. మాకు రావలసిన ట్యాంకరు పక్క ఊరికి పోయింది. ఎవరూ బాధపడలేదు.

మూడు వారాలకు, ఒక సోమవారం, నందీశ్ రెండో విడత బోర్ల కోసం కొత్త పట్టిక తెరిచాడు. నేను ఫార్ములా కొడుతుంటే ఆపాడు.

"ఆగండి మేడం. గడి ఖాళీగా ఉంటే ఏం చేయాలో కూడా ముందే చెప్పాల. పోయినసారి అది నేర్పలా నేను."

"ఎందుకు? ఖాళీగా ఉంటే ఖాళీగానే వదిలేస్తుంది కదా?"

"లేదు. ఖాళీ గడిని అది సున్నా అనుకుంటాది. సున్నా ఒకటిన్నర కంటే తక్కువే కదా. బాగుండాదని రాసేస్తాది."

పాత పట్టిక తెరిచి, కొత్త షరతు ముందు చేర్చి, కిందికి లాగాను. పదకొండు గళ్ళు పచ్చ నుంచి తెల్లగా మారాయి. పదకొండు సీసాల మీద చీటీలు తడిసి ఊడిపోయాయని పరీక్ష కాగితాల్లో వాటి ఎదురుగా ఏమీ రాయలేదు. ఏమీ లేదు గనక నేనూ ఏమీ కొట్టలేదు. అది అప్పుడు జ్ఞాపకం వచ్చింది. తొంభై ఏడో వరుస వాటిలో ఉంది.

నందీశ్ నా భుజం మీదుగా చూస్తున్నాడు.

"అక్కడ చిన్న గీత పెట్టింటే కూడా ఎర్రగా వచ్చేది, గీతను అది అన్ని అంకెల కంటే పెద్దదనుకుంటాది," అన్నాడు.

"ఇప్పుడేం చేద్దాం?"

"పదకొండూ మళ్ళీ పట్టి పంపిస్తాం. వారం పడుతుంది. అంతవరకు ఎవరికీ చెప్పొద్దండి. ఏమో మేడం, ఆ నీళ్ళు నిజంగానే బాగుంటే? ఊరికే భయపెట్టినట్టు అవుతుంది."

ఆ ఆఖరి మాటను నేను రెండు చేతులతో పట్టుకున్నాను. నిజంగానే బాగుంటే? ఇంటికి పోయి బోరు దగ్గర సీసా నింపాను. నాయన చూసి ఎందుకన్నాడు. "ఇంకో పరీక్షకు, ఊరికే," అన్నాను. ఆయనే హ్యాండిల్ కొట్టాడు, సీసా అంచుదాకా నిండేట్టు.

ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజుల్లో నేను చెప్పడానికి కుదరని క్షణం ఒక్కటీ లేదు. అందరం ఒకే గదిలో తిన్నాం. ఒకే బిందెలో ముంచుకుని తాగాం. మూడో రోజు మధ్యాహ్నం వీణ చెంబెత్తి గటగటా తాగుతుంటే ఉండబట్టలేక అన్నాను: "ఫిల్టరు నీళ్ళు తెప్పించుకోరాదా వీణా, ఈ మూడు నెలలు."

"ఎందుకొదినా? బాగుండాయని నువ్వే చెప్తివి కదా." మూతి తుడుచుకుని నవ్వింది. "ఆ క్యాను నీళ్ళు సప్పగా ఉంటాయి. ఇవే బాగుండాయి నాకు."

నేను కూడా నవ్వాను. అదే నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. ఫార్ములా తప్పు రాయడం కాదు, ఆ నవ్వు.

తొమ్మిదో రోజు కాగితం వచ్చింది. మా బోరు మూడు పాయింట్ తొమ్మిది. ఉండవలసినదానికి రెండింతలకంటే ఎక్కువ.

ఆ సాయంత్రం ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాను. ముందు నాయనకు అర్థం కాలేదు.

"పోయిన నెల బాగుండె, ఈ నెల చెడిపాయెనా?"

"లేదు నాయనా. పోయిన నెల పరీక్షే జరగలా. ఆ గడి ఖాళీగా ఉండె. ఖాళీగా ఉంటే కంప్యూటరు సున్నా అనుకుంటాది. సున్నా అంటే బాగున్నట్టు."

ఆయన నేల చూస్తూ ఆలోచించాడు. "తెలీదు అనేది వేరు, ఏమీ ల్యాదు అనేది వేరు కదమ్మా. ఆ తేడా దానికి తెలీదా?"

"తెలీదు నాయనా. మనమే చెప్పాల."

"నువ్వు చెప్పలా."

"చెప్పలా."

ధనుంజయ లేచి, బిందె ఎత్తి, నీళ్ళన్నీ పెరట్లో పారబోసి వచ్చాడు. వీణ మాత్రం నన్నే చూస్తోంది.

"నీకు ఎప్పుడు తెలిసింది వొదినా?"

అబద్ధం చెప్పి ఉండవచ్చు. ఈరోజే అంటే నమ్మేది.

"పోయిన వారం, సోమవారం."

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టింది. లేచి లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. గట్టిగా కూడా వేయలేదు.

మర్నాడు ధనుంజయ ఆమెను చింతామణిలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. నాలుగైదు వారాలకు ఏమీ కాదు, ఇక మీదట తాగొద్దు అని ఆమె చెప్పిందట. ఆ మాట నాకు చెప్పింది తమ్ముడు. వీణ చెప్పలేదు.

సరిచేసిన జాబితా బోర్డుకెక్కింది. ఆ వారమే గ్రామసభ పెట్టారు. బడి వరండాలో అరవై డెబ్బై మంది ఉన్నారు. అప్పుడు గోవిందప్ప లేచాడు. కోపంగా కాదు, తీరుబడిగా మాట్లాడాడు. అందుకే అందరూ విన్నారు.

"నేను సదువుకున్నోణ్ణి కాదు. నాకు తెలిసింది ఇంతే. జాబితా చేసింది బైరప్ప కూతురు. ముందర బైరప్ప బోరు బాగుండాదని వచ్చె. మనకు రావాల్సిన ట్యాంకరు పక్కూరికి పాయె. ఆయప్పకు మళ్ళా టీ అంగట్లో మర్యాద వచ్చె. నేనే ఇస్తి. ఇప్పుడు బోరు బాగలేదంట. ఇది ఎట్ల జరిగిందో ఆయప్పనే చెప్పమనండి."

నాయన లేచాడు. లేవడానికే చాలాసేపు పట్టింది. గుంపులో నిలబడి ఒళ్ళు వెనక్కి వాల్చడానికి జాగా లేదు. మెడ ఎట్లాగూ లేవదు. ఆయన కళ్ళు ఎదుటివాళ్ళ కాళ్ళ మీదే ఉన్నాయి.

"నేను ఎవురికీ ఏమీ చెప్పలేదప్పా," అన్నాడు. "నా కూతురూ కావాలని చేయలా."

"తలెత్తి మాట్లాడప్పా," అన్నారు వెనక నుంచి ఎవరో.

ఒకళ్ళిద్దరు నవ్వారు. వాళ్ళకు ఆయన మెడ సంగతి తెలుసు. వాళ్ళ ఇళ్ళలోనూ అట్లాంటి మెడలు ఉన్నాయి. అయినా నవ్వారు. నాయన ప్రయత్నించాడు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. గడ్డం రెండు వేళ్ళ ఎత్తు కూడా లేవలేదు.

నేను లేచాను. చీటీలు తడవడం, ఖాళీ గడి, సున్నా, షరతు, అన్నీ చెప్పాను. తప్పు నాదే, నాయనకు ఏమీ తెలియదు అన్నాను. తెలిశాక కూడా ఎనిమిది రోజులు చెప్పకుండా ఉన్నానని కూడా చెప్పాను. ఎంత వివరంగా చెబితే అంత అల్లినట్టు వినిపించింది నాకే. ఆడవాళ్ళలో ఒకామె, "ఖాళీగా ఉంటే బాగుండాదని రాస్తాదంట, ఇదేం చోద్యం," అని పక్కామెతో అంది. గోవిందప్ప చేతులు జోడించి నాకు నమస్కారం పెట్టి కూర్చున్నాడు.

ఇంటికి నడిచి వస్తున్నంతసేపూ నాయన నాకంటే నాలుగడుగులు ముందే నడిచాడు. ఆయన అంత వేగంగా నడవడం ఆ ఏడాది నేను చూసింది అదొక్కసారే.

మరుసటి వారం పంచాయితీవాళ్ళు వచ్చి బోరు హ్యాండిల్ విప్పుకుని పోయారు. మాకు ట్యాంకరు రావడం మొదలైంది. నాయన మళ్ళీ టీ అంగడికి పోలేదు. నాతో మాట్లాడకుండా ఏమీ లేడు. అన్నం పెట్టమంటాడు, బస్సు వేళయిందంటాడు. కాని నేను ఆఫీసు సంగతి ఏదైనా ఎత్తితే, విననట్టు పక్కకు తిరుగుతాడు.

వీణ ఏడో నెలలోనే పుట్టింటికి, చింతామణికి పోయింది. బస్సెక్కేముందు నా చెయ్యి పట్టుకుని, "నీ మీద కోపం లేదొదినా," అంది. "నువ్వు ఇంట్లో ఏది పెట్టినా, తినేముందు ఒకసారి చూసుకోవాలనిపిస్తాండాది. అట్ల ఉండలేను." ధనుంజయ అక్కడే టమోటా మండీలో పని చూసుకున్నాడు. ఆడపిల్ల పుట్టింది. పాప బాగుంది. వాళ్ళు మాత్రం తిరిగి రాలేదు. పెద్ద గొడవేమీ జరగలేదు గనక, సర్దిచెప్పడానికి కూడా ఎవరికీ దారి దొరకలేదు.

నందీశ్ తప్పు తన మీద వేసుకుంటానన్నాడు. వద్దన్నాను. ఒక్కటే అడిగాను: ఆ పదకొండు ఊళ్ళలో మాది పోగా మిగిలిన పదింటికీ నేనే పోయి చెబుతానని. కాగితం పంపితే చాలు మేడం అన్నాడు. నాకు చాలలేదు. పదకొండింటిలో ఏడు 'అయోగ్య' అని తేలాయి. చేతిలో ఎర్రరంగు డబ్బా, కుంచె పెట్టుకుని, బస్సులు మారి, నడిచి, ఒక్కొక్క ఊరే తిరిగాను. కొన్నిచోట్ల తిట్టారు. ఒకచోట కుక్కను ఉసిగొల్పారు. ఎక్కువచోట్ల, ఏం చెప్పినా మార్చి చెప్పేవాళ్ళే కదా మీరంతా అన్నట్టు చూసి, బిందెలు నింపుకుంటూనే ఉన్నారు.

జూన్ మొదటివారంలో ఆఖరి ఊరికి పోయాను. సాదలి దాటాక, రోడ్డు దిగి రెండు మైళ్ళు. పదిహేను ఇళ్ళు. వానలు ఇంకా పడలేదు. బోరుకు ఎర్రరంగు పూస్తుంటే రెండు బిందెలతో ఒక ముసలామె వచ్చి నిలబడింది. పేరు లక్ష్మీదేవమ్మ అని చెప్పింది.

"ఎందుకమ్మా ఎరుపు పూస్తాండావు?"

"ఈ నీళ్ళు తాగకూడదమ్మా. ఎముకలు పాడైపోతాయి."

"తాగొచ్చని కాగితం అంటించిరి కదా. అది సూసే మేము దూరం బాయికి పొయ్యేది మానేస్తిమి. బాయి పూడిపాయె ఇప్పుడు."

"ఆ కాగితం తప్పమ్మా."

"ఎవురు రాసినారో ఆయమ్మనో ఆయప్పనో రమ్మను. నేను అడుగుతాను."

కుంచె డబ్బాలో పెట్టాను. "నేనేనమ్మా రాసింది."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. ఎండకు నా ముఖం ఎట్లా ఉందో, చెప్పులు ఎంత దుమ్ము కొట్టుకుని ఉన్నాయో.

"ట్యాంకరు ఎప్పుడొస్తాది?"

"వచ్చే వారం."

"అంతవరకు?"

నేను రంగు డబ్బాకు మూత పెట్టాను. ఆమె బిందెలు కింద పెట్టి, "యాడి నుంచి వచ్చినావో ఏమో, మొగమంతా వాడిపోయింది. రా, కూసో," అని ఇంటి అరుగు మీదికి తీసుకుపోయింది. లోపలికి పోయి లోటా నిండా నీళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇంట్లో ఉన్నవి అవే. పొద్దున ఆ బోరులో పట్టినవే.

చల్లగా ఉన్నాయి. తియ్యగా కూడా ఉన్నాయి. ఆమె చూస్తుండగా చివరి గుక్కదాకా తాగాను.

"ఇంగొన్ని పొయ్యనా?" అని అడిగింది.

లోటా ముందుకు చాచాను.